ఒక్క కొక్కెం ఖాళీ

పలక మీద కొక్కేలన్నీ నిండాయి, ఒక్కటి తప్ప, ఆ ఒక్కటీ మా వదినది. గేటు పక్క గోడకి కొట్టిన ఆ పలకని ఇందాకట్నుంచీ రెప్ప వెయ్యకుండా చూస్తున్నాను, నేను చూస్తూ ఉంటే అది నిండుతుందన్నట్టు. ఈ గేటు దాటి లోయ పైభాగంలోకి వెళ్ళే ప్రతి మనిషీ ఒక చెక్క బిళ్ళ తీసుకుని వెళ్ళాలి, దిగొచ్చాక మళ్ళీ అదే కొక్కేనికి తగిలించాలి. బిళ్ళలు అయిపోతే ఆపైన ఎవరినీ వదలరు, పైనున్న గడ్డికీ పూలకీ కొండమేకలకీ మనుషుల తాకిడి అంతకుమించి పడకూడదట. సాయంత్రం గంట కొట్టేసరికి కొక్కేలన్నీ నిండితే గేటుకి తాళం పడుతుంది, నిండకపోతే తాళ్ళూ లైట్లూ పట్టుకుని మనుషులు వెతకడానికి బయల్దేరతారు. పొద్దున ఎండలో గేటాయన ఇదంతా చెప్తుంటే ఎంత ముచ్చటగా అనిపించిందో, చిన్నపిల్లల ఆటలా ఉందే అనుకున్నాను కూడా. ఇప్పుడు ఎండ లేదు. మబ్బు పైనుంచి లోయలోకి దిగుతోంది, కొండ అంచు పోయింది, దాని కిందున్న దేవదారు చెట్లు ఒక్కో వరసా పోతున్నాయి, గంటకి ఇంకా కాస్త టైముంది. గేటాయనకి జలుబు. తుమ్ముతాడు, పేపర్లో గళ్ళ నుడికట్టులో ఒక అక్షరం రాస్తాడు, మళ్ళీ తుమ్ముతాడు. "వచ్చేస్తారమ్మా, చివర్న వచ్చేవాళ్ళు రోజూ ఎవరో ఒకరుంటారు" అన్నాడు నావైపు చూడకుండానే, అలా చూడకుండా అన్నందుకే నాకు భయమేసింది.

మబ్బుకి వాసన ఉంటుందని నాకిప్పుడే తెలిసింది. తడిసిన ఉన్ని వాసన, మా లాండ్రీ వాసన. ఆవిరి ఇస్త్రీ మిషను పెడలు తొక్కగానే బుస్సుమని లేచే తెల్లటి పొగ, అందులో వదిన మొహం మాయమై మళ్ళీ తేలడం, తేలినప్పుడల్లా ఆ మొహం ఏదో ఒకటి అంటూనే ఉండడం. కాలరు ముందు, చేతులు తర్వాత, వీపు ఆఖర్న, వీపు ఎవరికీ కనపడదని తేలిగ్గా తీసుకోకు అమ్మాయ్, మనిషి వెళ్ళిపోయేటప్పుడు మనం చూసేది వీపే. ఆవిడ మాటలన్నీ ఇలాగే బట్టల గురించే ఉంటాయి. కౌంటరు వెనక గొట్టానికి వేలాడే కోట్లు, వాటి కింద నేను కూర్చునే పొట్టి స్టూలు, గుండీల డబ్బా, పిన్నీసులు గుచ్చిన మెత్త, అద్దం తలుపుకి అవతల బస్సులు ఆగి కదిలే వీధి. ఈపాటికి మా అన్నయ్య ఒక్కడే ఆ కౌంటరు దగ్గర నిలబడి చెమటలు కక్కుతూ ఉంటాడు, ఎవరి కోటు ఎవరి చేతిలో పెట్టాడో ఏమో. మనిషి బంగారం, కానీ బట్టల విషయంలో ఆయన్ని నమ్మడానికి లేదు. ఒకసారి తొందరపడి, ఉతికి ఆరేసిన కోట్లన్నిటికీ నంబరు చీటీలు ముందే పీకేసి, వకీలు గారి నల్లకోటు పెళ్ళి బ్యాండు వాయించే ఆయనకీ, బంగారు గుండీల బ్యాండు కోటు వకీలు గారికీ ఇచ్చి పంపాడు. వకీలు గారు మర్నాడు ఆ కోటు చేత్తో పట్టుకొచ్చి, కౌంటరు మీద పరిచి, అన్నయ్య మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. ఆ చూపు తలుచుకుని వదిన ఇప్పటికీ నవ్వుతుంది, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటుంది. ఆ రోజునుంచీ మా షాపులో ఒకటే రూలు, అది వదిన పెట్టింది. చీటీ కోటు కాలరు లోపల, మెడ వెనక గుచ్చాలి. కోటు కోసం మనిషి వచ్చి, ఇదిగో ఇది నాది అని చెయ్యి చాపేదాకా ఆ చీటీ ఎవరూ ముట్టుకోకూడదు. ఉతికినా, ఆరినా, ఇస్త్రీ అయినా, నెలల తరబడి వేలాడినా సరే.

పొద్దున ఆ చెక్క బిళ్ళ చేతికివ్వగానే వదిన ఏం చేసిందంటే, దాని దారంలోంచి ఒక పిన్నీసు దూర్చి కోటు కాలరు లోపల మెడ వెనక గుచ్చుకుంది. అందరూ జేబులో వేసుకున్నారు, మెడలో వేసుకున్నారు, ఈవిడ మాత్రం అలా. నాకు నవ్వాగలేదు. "వదినా, నువ్వు కొండెక్కడానికి వెళ్తున్నావా, ఉతికించుకోడానికా" అన్నాను. "రెండూనే, ఆ గాలికి ఈ ఆవిరి కంపంతా పోయి రానీ" అంది. అనేసి వెళ్ళింది. వీపే కదా ఆఖర్న చూసేది, నేనూ వీపే చూశాను, నీలం కోటు, రంగు వెలిసిన సంచి, ఎడమకాలు కొంచెం ఈడ్చి వేసే ఆ నడక. గంటల తరబడి ఇస్త్రీ మిషను పెడలు తొక్కిన కాలది. ఆ కాలు నాకు గుర్తుండాల్సింది, కొండ దిగడం ఎక్కడంకన్నా కష్టమని నాకు తెలియాల్సింది, నేనే కదా వెళ్ళు వెళ్ళు అని తరిమింది. ఆవిడ వద్దంటూనే ఉంది. నువ్వు రాకుండా నేనొక్కదాన్నీ ఏం చూస్తానే, రాయి చూసినా చెట్టు చూసినా పక్కన అనడానికి మనిషుండొద్దూ అంది. నాకు వీల్లేదు. సగం ఊపిరితిత్తి తీసేసిన మనిషిని, గేటు దాకా అంటే సరే, ఆపైన గాలి పలచన, అడుగు వెయ్యొద్దు అన్నారు డాక్టరు గారు. అందుకే అన్నాను, నా బదులు కూడా నువ్వే చూసి రా వదినా, సరస్సు దాకా వెళ్ళు, నాకు మొత్తం చెప్పాలి అని. తల ఊపింది. ఏ పని చెప్పినా ఆవిడ అలాగే తల ఊపుతుంది, ఊపిందంటే చేస్తుంది. సరస్సు చూడకుండా తిరిగి రాదు, మబ్బు కమ్మినా రాదు.

అప్పట్లో నేను పడి ఉన్న ఆసుపత్రి వార్డుకి తూర్పువైపు వరసగా కిటికీలుండేవి. పొడుగాటి గది, ఇటు మంచాలు, అటు మంచాలు, మధ్యలో నర్సు చెప్పుల చప్పుడు. రాత్రి దగ్గులు ఒక మంచం దగ్గర మొదలై మంచం మంచానికీ పాకేవి, ఒకళ్ళు ఆపితే ఇంకొకళ్ళు అందుకునేవాళ్ళు. మొదట్లో నన్ను చూడ్డానికి చాలామంది వచ్చారు. తర్వాత కొంతమంది. తర్వాత పళ్ళు మాత్రం వచ్చేవి, ఎవరో ఆసుపత్రి గేటు దగ్గర ఇచ్చి వెళ్ళేవాళ్ళు. నేను వాళ్ళని ఏమీ అనుకోను, నా జబ్బుకి నేనే భయపడే రోజులవి. నా ఎదురుగోడకి ఒక క్యాలెండరుండేది, ఏదో మందుల కంపెనీది. అందులో ఒక లోయ. ఇటొక కొండ, అటొక కొండ, మధ్యలో వంకర తిరిగిన ఏరు, వెనక మంచు. ఎవరికీ ఆ కాయితం తిప్పే తీరిక లేదు, నెల మారినా అదే లోయ, కాలం మారినా అదే లోయ. పడుకునే ఆ ఏటి గట్టున నడిచేదాన్ని, వంపు దాకా వెళ్ళేదాన్ని, వంపు అవతల ఏముందో బొమ్మలో లేదు, అక్కడ ఆగిపోయేదాన్ని. ఊపిరి ఆడని రాత్రి ఆ మంచు గాలి పీలుస్తున్నట్టు నోరు తెరిచేదాన్ని. పిచ్చిది అనుకున్నా సరే, ఆ కాయితం గాలితోనే బతికానని నా నమ్మకం.

పంపించేస్తాం, ఇంటివాళ్ళని రమ్మను అన్న రోజు నేను ఎవరి పేరూ చెప్పలేకపోయాను. అన్నయ్య పెళ్ళి నేను మంచంలో ఉండగా అయింది, కొత్తకోడలికి నేను ఫోటోలో మొహాన్ని, అంతే. అలాంటి ఆడపడుచుని, ఇలాంటి జబ్బుతో, ఎవరు కోరి తెచ్చుకుంటారు. సంచి సర్దుకుని మంచం అంచున కూర్చున్నాను, సంచిలో ఉన్నవి కూడా రెండు జతలే. అప్పుడు ఆ పొడుగాటి గది చివర తలుపు దగ్గర ఒక నీలం చీర కనిపించింది, పొట్టి మనిషి, చంకలో ఉతికి ఇస్త్రీ చేసిన కోటు. మంచాలు ఒక్కొక్కటే చూసుకుంటూ రావడం, నా దగ్గర ఆగడం, ఫోటో మొహాన్ని నా మొహంతో పోల్చుకోవడం. మూతికి గుడ్డ కట్టుకోలేదు. నర్సమ్మ వచ్చి మీరెవరు అంది. "మా మనిషి. తీసుకెళ్ళడానికొచ్చాను" అంది. అంతే అంది. ఆ గదిలో అంతకుముందు ఎన్నో మంచి మాటలు విన్నాను, ధైర్యం చెప్పారు, దేవుడున్నాడన్నారు, కానీ ఆ మాట లాంటిది వినలేదు. కోటు తొడిగింది, అది వెచ్చగా ఉంది, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందట. వచ్చేముందు నేను గోడవైపు తిరిగి చూస్తుంటే ఆవిడా చూసింది. "ఏంటది, లోయా? బాగుంది. ఓసారి వెళ్దాంలే" అంది, పక్కవీధికి వెళ్దాం అన్నట్టు. తర్వాత ఎన్నేళ్ళో గడిచాయి, ఎన్ని కోట్లో ఉతికాం, ఆ మాట నేను మర్చిపోయాను, ఆవిడ మర్చిపోలేదు. పోయిన నెల గుండీలు కుడుతూ కుడుతూ, "ఆ లోయకి మనుషుల్ని వదుల్తున్నారట, కనుక్కున్నాను, పద" అంది.

గేటాయన లేచి గడియారం చూసి మళ్ళీ కూర్చున్నాడు. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది, కింద ఏటి దగ్గరనుంచి. పొద్దున అక్కడే తిన్నాం, రొట్టె, ఉడికిన గుడ్లు, గుడ్డుపెంకు ముక్క ఒకటి జారి గడ్డిలో పడితే వదిన వంగి వంగి వెతికి తీసింది, ఇక్కడ మన చెత్త ఉండకూడదమ్మాయ్ అంటూ. బల్లలా ఉన్న పెద్ద రాయొకటి ఉంది, నేను ఇక్కడే కూర్చుంటాను, నువ్వొచ్చి నన్ను ఇక్కడే కలుసుకో అన్నాను. కానీ ఆవిడ వెళ్ళాక ఆ రాయి మీదినుంచి గేటు కనపడలేదు, కనపడకపోతే నేను ఉండలేను, మెల్లిగా మెట్లెక్కి ఈ బెంచీ మీదికొచ్చి కూర్చున్నాను. ఇందాక మబ్బు మొదటిసారి కమ్మినప్పుడు ఛాతీ పట్టేసింది, గేటాయన గుడిసె వెనక్కి వెళ్ళి మందు పీల్చుకుని వేడినీళ్ళు తాగి వచ్చాను, వచ్చేసరికి ఒక గుంపు దిగిపోయి ఉంది, కొక్కేలు గబగబా నిండి ఉన్నాయి, టక్ టక్ మని బిళ్ళలు తగిలించిన చప్పుడు నాకు గోడవతలకి వినిపించింది. పరుగున వచ్చి చూశాను. ఆవిడ కొక్కెం ఒక్కటీ అలాగే ఉంది, నోరు తెరుచుకుని. గేటాయన్ని అడిగాను, నీలం కోటు, ఎడమకాలు కొంచెం ఈడుస్తారు, చూశారా అని. "మబ్బులో అందరి కోట్లూ ఒకటే రంగమ్మా" అన్నాడు పాపం, ముక్కు తుడుచుకుంటూ.

ఇంట్లో మనుషులకి థాంక్స్ చెప్పడం మాకు అలవాటు లేదు. చెప్తే ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమో చూస్తుంది. అన్నం పెట్టినందుకు చెప్పలేదు, పని నేర్పినందుకు చెప్పలేదు, నా కంచం వేరుగా పెట్టాలని ఎవరో పెద్దావిడ అంటే నా కంచంలో చెయ్యి పెట్టి ఒక ముద్ద తీసుకుని తిన్నందుకు చెప్పలేదు. ఆ రోజు ఆ ముద్ద ఆవిడ గొంతు దిగడం చూస్తూ కూర్చున్నాను. ఎక్కడికెళ్తుంది, ఎప్పుడైనా చెప్పొచ్చులే అనుకున్నాను, ఎదురుగా ఉన్న మనిషికి చెప్పడానికి తొందరేముంది అనుకున్నాను. ఇవాళ ఈ లోయ చూపించినందుకైనా చెప్దామని, సరస్సునుంచి రాగానే చెప్దామని, మాట కూడా సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆ మాట ఇప్పుడు నోట్లో తిరుగుతోంది, అందుకునే మనిషి కనపడదు. గడ్డి మీద మబ్బు పాకుతోంది, ఒక పిట్ట కూసి ఆగిపోయింది.

గంట కొట్టారు. ఇనుప పట్టా మీద సుత్తి దెబ్బలు. గేటాయన పలక చూశాడు, పేపరు మడిచాడు, ఈసారి నావైపు చూశాడు. "కూర్చోండమ్మా, మావాళ్ళని పిలుస్తాను, పది మందిమి ఉన్నాం, ఏం భయం లేదు" అని ఫోను కోసం గుడిసెలోకి వెళ్ళాడు. కూర్చోలేదు నేను. కాళ్ళు లేచాయి, చెయ్యి ఒక బిళ్ళ తీసింది, గేటు తోసింది. రూలు రూలే కదా, పైకి వెళ్ళే ప్రతి మనిషీ బిళ్ళ తీసుకోవాలి, తీసుకున్నాను. మెల్లిగా వెళ్తాను, దారి వంపు దాకా వెళ్తాను, పిలుస్తాను, నా గొంతు గుర్తుపడుతుంది, ఏ రాయి మీదో కాలు పట్టుకుని కూర్చుని ఉంటుంది, వెళ్ళి పక్కన కూర్చుంటాను, వాళ్ళొచ్చేదాకా. అడుగు. గాలి నిజంగానే పలచన, గుక్కలో సగమే లోపలికెళ్తోంది. ఇంకో అడుగు. వదినా. గొంతులోంచి రాలేదు. దారి పక్క బండకి ఆనుకున్నాను, చల్లగా ఉంది, కళ్ళు మూసి తెరిచాను, తెరిచేసరికి మబ్బు మధ్యలో చిరిగింది. ఇటొక కొండ, అటొక కొండ, మధ్యలో వంకర తిరిగిన ఏరు, వెనక మంచు. నా క్యాలెండరు. నేను గేటు దిగువనే ఉండిపోతే ఎప్పటికీ కనపడేది కాదు. ఎంత భయంలో ఉన్నానో అంత భయంలోనూ, దేవుడా, చూశాను కదా అనుకున్నాను. దీనికి కూడా ఆవిడే కారణం. మబ్బు మళ్ళీ కమ్మేసింది, నేను ఊపిరి కూడదీసుకుని ఇంకో అడుగు వెయ్యబోయాను.

"ఎక్కడికమ్మాయ్ ఆ పోవడం?"

పైనుంచి కాదు. వెనకనుంచి, కిందనుంచి. గేటు దగ్గర నీలం కోటు, చేతిలో వెలిసిన సంచి, రొప్పుతోంది. "డాక్టరు ఏమన్నాడు, నువ్వేం చేస్తున్నావ్? రాయి దగ్గర కూర్చుంటానన్న మనిషివి ఎక్కడికి పోయావ్, అప్పట్నుంచీ అక్కడ కూర్చుని చూస్తున్నాను, మబ్బు కమ్మింది, గంట కూడా కొట్టారు, ఏట్లో గానీ పడ్డావేమోనని నా ప్రాణం పోయిందే" అంటూనే ఆ ఈడ్చే కాలుతో నాలుగడుగులెక్కి నా జబ్బ పట్టుకుంది. ఆ గుంపుతో దిగిపోయిందన్నమాట, నేను గోడవతల వేడినీళ్ళు తాగుతుండగా. నాకోసం తిన్నగా ఏటి దగ్గరికి వెళ్ళిపోయిందన్నమాట. ఇద్దరం ఇంతసేపూ ఒకరికోసం ఒకరం, అటొకరు ఇటొకరు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెంటికీ చాలినంత ఊపిరి లేదు. ఆవిడ చేతిమీద వాలిపోయి గేటు దాకా వచ్చాను, నా వీపు నిమురుతూనే ఉంది, తిడుతూనే ఉంది.

గేటాయన గుడిసెలోంచి తాడు భుజానేసుకుని వచ్చి మా ఇద్దర్నీ చూసి ఆగిపోయాడు. "ఈవిడేనా? అమ్మా, మరి మీ బిళ్ళేదీ?"

వదిన కోటు జేబులు తడుముకుంది. సంచి తడుముకుంది. అప్పుడు చెయ్యి మెల్లిగా మెడ వెనక్కి వెళ్ళి అక్కడ ఆగింది, మొహం ఎర్రబడింది. ఇన్నేళ్ళలో ఆవిడ సిగ్గుపడడం నేను చూడలేదు. "మాది లాండ్రీ బాబూ" అంది. "మనిషొచ్చి తీసుకెళ్తేగానీ మేం చీటీ తియ్యం. చేతికి అదే అలవాటైపోయింది, తియ్యాలనే తోచలేదు." గేటాయనకి అర్థం కాలేదు. వదినవైపు చూశాడు, కొక్కెంవైపు చూశాడు, తుమ్మాడు. "ఇంతకీ ఈవిడ మీకేమవుతారమ్మా?" అని నన్నడిగాడు.

సిద్ధం చేసుకున్న మాట ఎటు పోయిందో పోయింది. "మా మనిషి" అన్నాను. "తీసుకెళ్ళడానికొచ్చాను."

నా జబ్బ మీదున్న చెయ్యి ఒక్క క్షణం బిగిసింది. వదిన నావైపు చూడలేదు. వెనక్కి తిరిగి, జడ పక్కకి తీసి, తల వంచింది. కాలరు మడత తెరిచాను, తడిసిన ఉన్ని వాసన, పిన్నీసు మంచుకి బిగుసుకుపోయింది, నేను దాంతో తంటాలు పడుతుంటే ఆవిడ తొందరపెట్టకుండా అలాగే నిలబడింది. "సరస్సు చూశాను" అంది అటు తిరిగే. "నీ బదులు కూడా చూశాను. నాకు చెప్పడం రాదు గానీ, అంత తెల్లటి మంచు అమ్మాయ్, ఎవరు ఉతికారో తెలీదు, ఇస్త్రీ మాత్రం చెయ్యలేదు." పిన్నీసు ఊడింది. బిళ్ళ వెచ్చగా ఉంది. తీసుకెళ్ళి కొక్కేనికి తగిలించాను, దాని పక్కనే నాది కూడా తగిలించాను, గేటాయన తాళం వేశాడు, మేం కిందికి నడిచాం.